లైటు ఆర్పే డోనా

మా వీధి చివరింటి వెనకున్న హాట్ టబ్‌కి చెడ్డపేరు నేను పెట్టింది కాదు. నేను ఈ వీధికి వచ్చేసరికే ఉంది. రెడ్‌మండ్‌లో తెలుగువాళ్లు నలుగురు చేరితే స్కూళ్లూ వీసాలూ అయిపోయాక మూడో మాట ఆ టబ్బు గురించే. చెప్పేవాళ్లు గొంతు తగ్గించి, కళ్లు పెద్దవి చేసుకుని చెప్తారు. వినేవాళ్లు ప్లేటు పట్టుకుని దగ్గరికి జరుగుతారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

ఇప్పుడా కథకి కొత్త తోక కూడా మొలిచింది. పిల్లని డోనా పట్టుకుందట, తాత తాయెత్తు విడిపించిందట. తాయెత్తు లేదు, పాడూ లేదు. అక్కడ నేనున్నాను. అందుకే మొత్తం ఒకసారి చెప్పేస్తాను. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు.

ఆ ఇల్లు నలభై ఏళ్ల కిందటిది. వెనకాల గుబురుగా ఫర్ చెట్లు. వాటి మూలాన పగలు కూడా అక్కడ సగం వెలుతురే. డిసెంబర్‌లో అయితే సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. ఆ చీకట్లో, సిమెంటు గచ్చు మధ్యలో, మనుషులు దిగి కూర్చునే వేడినీళ్ల తొట్టి, ఆ రంగు వెలిసిన టబ్బు. దిగడానికి రెండు మెట్లు. టబ్బు అంచుకి బిగించిన స్టీలు రెయిలింగ్. నీళ్ల అడుగున పచ్చగా వెలిగే లైటు ఒకటి.

అక్కడ డోనా అనే పెద్దావిడ ఒక్కతే ఉండేదట. ఒక చలికాలం సాయంత్రం టబ్బులో దిగింది... మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు కొందరు. కాలు జారిందన్నారు ఇంకొందరు. కొడుకు పోర్ట్‌లాండ్ నుంచి వచ్చి అన్నీ చక్కబెట్టి, కొన్నాళ్లు ఇంటికి తాళం వేసి, తర్వాత అద్దెకిచ్చాడు.

అప్పట్నుంచీ మొదలైంది. ఎవరైనా ఆ నీళ్లలో కాలు పెడితే చాలు — లైటు ఆరిపోతుంది.

ఈ ముక్క నాకు చెప్పింది జగన్మోహన్. ఆ ఇంట్లో రెండేళ్లు అద్దెకున్నాడు. తలా ఒక వంటకం పట్టుకొచ్చే దీపావళి పాట్‌లక్‌లో, నా పక్క కుర్చీలో కూర్చుని చెప్పాడు.

ఒక శుక్రవారం ఆఫీసు నుంచి త్వరగా వచ్చాడట. భార్య ఇండియన్ స్టోర్‌కి వెళ్లింది. ఇంట్లో ఒక్కడే. సన్నగా చినుకులు పడుతున్నాయి. టబ్బు మీద మూత తీశాడు. ఆవిరి లేచింది. అడుగున పచ్చ లైటు. మోటారు సన్నగా మూలుగుతోంది...

ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. రెండో కాలు నీళ్లలో ముంచాడు.

టక్.

వెనకనుంచి. గోడ వైపునుంచి. ఎవరో నాలుక అంగిలికి కొట్టినట్టు — ఒక్కటే చప్పుడు. అంతే. లైటు ఆరింది. మోటారు మూలుగు మధ్యలో తెగిపోయింది. చీకటి. చినుకుల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

“ఎవరూ?” అన్నాడట మెల్లిగా. తెలుగులోనే అన్నాడట. డోనాకి తెలుగు రాదు కదా అని నేనంటే, నవ్వలేదతను.

మర్నాడు వెళ్లి చూస్తే గోడ మీది కరెంటు పెట్టెలో స్విచ్చు దానంతటదే కిందికి పడిపోయి ఉంది. పైకి వేశాడు. లైటు వెలిగింది. గచ్చు మీద నిలబడి నీళ్లలో చెయ్యి పెట్టాడు. మళ్లీ టక్.

“ఆవిడకి ఇష్టం లేదండీ, తన టబ్బులో ఇంకొకళ్లు దిగడం,” అన్నాడు జగన్మోహన్.

చుట్టూ ఉన్నవాళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. నా చేతిలో పులిహోర ప్లేటు అలాగే ఉండిపోయింది. ‘లైటు ఆర్పే డోనా’ అని పేరు పెట్టింది ఎవరో గానీ, ఆ రాత్రికి అందరి నోళ్లలోనూ అదే.

తర్వాత జగన్మోహన్ టెక్సస్ వెళ్లిపోయాడు. డోనా కొడుకు ఇల్లు అమ్మేశాడు. కొన్నది రఘు, రష్మి. వరంగల్ అబ్బాయి, గుడివాడ అమ్మాయి. వాళ్లకి నైనిక అని ఒక్కతే కూతురు. వాళ్ల వంటింట్లో దీపం వేస్తే మా వంటింటి కిటికీలోకి పడుతుంది, అంత దగ్గర మా ఇళ్లు.

రఘు ఉద్యోగం ఏంటో నాకు అతనే చెప్పాడు. కంపెనీ కంప్యూటర్లలో ఎక్కడ ఏ తేడా వచ్చినా అలారాలు మోగుతాయి. మోగినదల్లా నిజమో కాదో తేల్చడం ఇతని పని. ఊరికే మాటిమాటికీ మోగే అలారాన్ని వాళ్లు ‘నాయిస్’ అంటారు. దాని నోరు మూయించేస్తారు. అలా నోరు మూయించడంలో రఘు దిట్ట. ఆ చెప్పడంలో ఎంత గర్వమో.

“దెయ్యం లేదు గియ్యం లేదు అక్కా,” అన్నాడు నాతో. “బగ్ ఉంటది. డీబగ్ జేస్తే పోతది.”

అబద్ధం చెప్పకూడదు, బాగానే మొదలుపెట్టాడు. అక్టోబర్‌లో మూడు వారాంతాలు ఆ టబ్బు పక్కనే గొడుగు వేసుకుని కూర్చున్నాడు. ఫోన్‌లో వీడియోలు చూస్తూ పక్క పలకలు విప్పాడు. ఒక్కొక్క వైరూ తీయడం, స్విచ్చు వేయడం, కాలు పెట్టి చూడడం. బుడగలు ఊదే మోటారు తీశాడు. టక్. లైటు తీశాడు. టక్. పంపు తీశాడు. టక్.

మిగిలింది హీటరు ఒక్కటే. అది కూడా తీసి చూసుంటే దొరికిపోయేది. మా ఇంటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఆ ఒక్కటీ తీసే ఓపిక లేకపోయింది. వాన ఎక్కువైంది, సోమవారం ఆఫీసులో ఏదో రిలీజ్ ఉందట. పలకలు బిగించేసి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ పై శనివారం అనుకోకుండా ఎండ కాసింది. గచ్చు ఆరిపోయి పొడిగా ఉంది. రఘు హార్డ్‌వేర్ షాపుకి వెళ్లొచ్చి, గోడ మీది పెట్టె తెరిచి, అందులోది ఏదో పీకి, తెచ్చినది పెట్టాడు. అరగంట పని. తర్వాత నీళ్లలో దిగాడు.

లైటు ఆరలేదు.

మెడ దాకా నీళ్లలో కూర్చుని ఫొటో తీసుకుని మా వీధి తెలుగు గ్రూప్‌లో పెట్టాడు. కింద ఒక్క మాట — ‘డోనా ఖాళీ చేసింది.’ నవ్వే బొమ్మలు కుప్పలుగా పడ్డాయి. నేనూ ఒకటి పెట్టాను.

“ఏం చేశావయ్యా ఇంతకీ?” అని అడిగాను కంచె దగ్గర.

“ఊకెనే ఒర్లుతున్న అలారం అక్కా. నోరు మూయించిన.”

ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఇంజినీరు కదా, తెలిసే చేసి ఉంటాడనుకున్నాను. మనవాళ్లలో ఈ జబ్బు ఒకటి. ఇంజినీరు అంటే చాలు, ఏ ఇంజినీరో ఎవరూ అడగరు.

నవంబర్‌లో వానలు పట్టుకున్నాయి. ఒకరోజు రష్మి మా ఇంటికొచ్చింది. టీ ఇచ్చాను, తాగలేదు. కుడిచేతి వేళ్లు ఎడమచేత్తో రుద్దుకుంటూ కూర్చుంది.

“అక్కా... ఆవిడ వెళ్లలేదు,” అంది.

“ఎవరు?”

“డోనా.”

నీళ్లలో రాలిన ఆకులు తీద్దామని వెళ్లిందట. వట్టి కాళ్లతో, తడిగచ్చు మీద. నీళ్లలో చెయ్యి పెట్టింది.

“ఎవరో వేళ్లు పట్టుకున్నట్టయింది అక్కా... గట్టిగా కాదు. చిన్నపిల్లల్ని రోడ్డు దాటించేటప్పుడు పట్టుకుంటామే, అలాగ. భుజం దాకా జలదరించింది. చెయ్యి తీసేశాను. మళ్లీ పెట్టాను... మళ్లీ పట్టుకుంది.”

నేను దెయ్యాల్ని నమ్మను. అయినా ఆ రాత్రి వంటింటి కిటికీ తెర వేసేశాను.

ఇక చూడండి. లైటు ఆర్పడం మానేసి డోనా చేతులు పట్టుకోవడం మొదలుపెట్టిందని వీధంతా పాకింది. పక్కింటి కుక్క ఆ గచ్చు మీదికి వెళ్లి కుయ్యిమని వెనక్కి పరిగెత్తిందని ఒకరు. రఘు మాత్రం నవ్వాడు.

“నీకు భయం. అందుకే అట్ల అనిపిస్తది,” అన్నాడు భార్యతో, నా ముందే. “నేను దిగినప్పుడు నాకేం గాలేదు గదా.”

అతను దిగిన రోజు గచ్చు పొడిగా ఉంది. ఆ తర్వాత వానకి జడిసి మళ్లీ దిగనే లేదు. ఒక్కసారి తనకేం కాలేదు కాబట్టి ఇంకెవరికీ ఏం కాదనుకున్నాడు.

అదే నెలలో రష్మి బాబాయి భీమశంకరంగారు వచ్చారు, మూడు నెలలు ఉండి వెళ్దామని. గుడివాడలో ముప్ఫై ఐదేళ్లుగా కాలిపోయిన మోటార్లకి మళ్లీ తీగ చుట్టే షాపు ఆయనది. ఇంట్లో కూడా హవాయి చెప్పులు విప్పరు. భుజం మీద తువ్వాలు, చొక్కా జేబులో టెస్టరు — స్క్రూడ్రైవర్‌లాంటిదే, కరెంటు తగిలితే పిడిలో ఎర్రగా వెలిగేది. అమెరికాకి కూడా తెచ్చుకున్నారు. రఘు నవ్వుతుంటే, “పెన్ను లేకుండా మీరు ఆఫీసుకి వెళ్తారా అల్లుడు గారూ?” అన్నారట.

రష్మి చెప్పింది విని ఆయన నవ్వలేదు.

“ఎక్కడ, చూపించమ్మాయ్,” అన్నారు.

ఆ సాయంత్రం నేను గోంగూర పచ్చడి సీసాతో వెళ్లాను. అలా ఇరుక్కున్నాను. రఘు ఇంకా ఆఫీసులోనే. ఐదైంది, బాగా చీకటి. టబ్బులో పచ్చ లైటు. ఆయన మమ్మల్ని గుమ్మంలోనే ఉండిపొమ్మన్నారు.

మెల్లిగా వెళ్లారు. ఒక చెప్పు విప్పి బొటనవేలు తడిగచ్చుకి ఆనించారు. చెయ్యి చాచారు — అరచెయ్యి కాదు, వెనక్కి తిప్పి. వేళ్ల వెనక భాగం రెయిలింగ్‌కి తాకించారు.

వెంటనే తీసేశారు.

“ఎందుకలా తిప్పి...” అని గుసగుసగా అడిగాను.

“అరచెయ్యి పెడితే ముడుచుకుని పట్టేసుకుంటుందమ్మా. వెనక చెయ్యైతే విసిరేస్తుంది,” అన్నారు, ఇటు తిరక్కుండానే.

తర్వాత జేబులోంచి టెస్టరు తీసి రెయిలింగ్‌కి ఆనించారు. ఆ చీకట్లో, ఆయన గుప్పిట్లో... చిన్న ఎర్రటి చుక్క వెలిగింది. రష్మి నా భుజం పట్టుకుంది. గోళ్లు దిగాయి.

“ఎర్త్ వస్తోందమ్మాయ్,” అన్నారాయన. “ముందు ఆపు. ఎవర్నీ దగ్గరికి పోనివ్వకు. పొద్దున్నే మెకానిక్‌ని పిలిపించండి.”

రష్మి గోడ మీది స్విచ్చు ఆపేసింది. అక్కడితో కథ అయిపోవాలి. నిజంగా అయిపోవాలి.

మర్నాడు పొద్దున్న రష్మికి వరసగా మీటింగులు. “అక్కా, మీ ఇంగ్లిష్ బావుంటుంది, కాస్త ఆ సర్వీస్ వాళ్లకి ఫోన్ చేయరూ,” అని నంబరిచ్చింది. ఇరవై నాలుగేళ్లుగా ఈ దేశంలో ఉన్నదాన్ని. చేశాను.

ఆయన చెప్పింది చెప్పినట్టే ఇంగ్లిష్‌లో పెట్టాను. హాట్ టబ్‌లో ఎర్త్ వస్తోంది అన్నాను.

“డర్ట్?” అంది ఆ అమ్మాయి.

“ఎర్త్,” అన్నాను.

“ఎంత వస్తోంది?”

“కొంచెం కొంచెం. వాన పడితే ఎక్కువ.”

ఆ అమ్మాయి ఎంత మర్యాదగా మాట్లాడిందో. పాత టబ్బుల్లో అది మామూలే, గాలికీ వానకీ కొట్టుకొస్తుంది, ఫిల్టరు కడగండి, దిగేముందు అందరూ కాళ్లు శుభ్రంగా కడుక్కోండి అంది. మనిషిని పంపమంటే రెండు వారాల తర్వాత వస్తాడంది. ఈ మాత్రానికి ఎందుకులే అన్నాను నేను.

నవ్వొస్తోందా? నాకు రావడం లేదు. మన దగ్గర ఫ్రిజ్జు ముట్టుకుంటే జిల్లుమన్నా, గ్రైండరు ముట్టుకుంటే చురుక్కుమన్నా ఎర్త్ కొడుతోంది అంటాం. చిన్నప్పట్నుంచీ అదే మాట. ఇక్కడివాళ్లకి ఎర్త్ అంటే మట్టి. వైరుదైతే గ్రౌండ్ అంటారు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఆ పొద్దున్న తట్టలేదు, అంతే.

కాళ్లు కడుక్కుంటే ఎర్త్ ఎలా పోతుందని అనుమానం రావాలి కదా. వచ్చింది. కంపెనీవాళ్లే చెప్పారు కదా అని నోరు మూసుకున్నాను. ఆ మాటే మోసుకెళ్లి వాళ్లింట్లో చెప్పాను.

భీమశంకరంగారు చాలాసేపు నా మొహంలోకే చూశారు. “కాళ్లు కడుక్కుంటే పోతుందా అమ్మా?” అన్నారు.

“మామయ్యగారూ, ఇది గుడివాడ గాదు,” అన్నాడు రఘు. “ఇక్కడివి వేరేగుంటయి. కంపెనీవాళ్లు చెప్పిన్రు గదా.”

ఆ పెద్దాయన తలదించుకున్నారు. అల్లుడి ఇల్లు, అల్లుడి దేశం. ఇంకేమంటారు? రఘు ఫిల్టరు కడిగి మళ్లీ స్విచ్చు వేశాడు. ఆయన మాత్రం రోజూ కిటికీలోంచి అటే చూస్తూ కూర్చునేవారని రష్మి చెప్పింది. ఎవరైనా అటు వెళ్తుంటే, “చెప్పులేసుకోండి, చెప్పులేసుకోండి,” అనేవారట.

డిసెంబర్ రెండో శనివారం నైనిక పుట్టినరోజు. పదేళ్లు. తనకి హాట్ టబ్ పార్టీయే కావాలంది. పెద్దాయన వద్దన్నారు. రఘు వినలేదు. అదితి, ఇషా అని ఇద్దరు ఫ్రెండ్స్ వచ్చారు. పిల్లలకి డోనా అంటే భయం లేదు, సరదా. “డోనా మా హ్యాండ్స్ పట్టుకుంటుంది ఆంటీ,” అని ఇషా గెంతుతోంది.

నాలుగున్నర. చీకటి పడింది. సన్నటి తుంపర. భీమశంకరంగారు అప్పుడే మధ్యాహ్నం నిద్ర లేచి వంటింట్లో కాఫీ తాగుతున్నారు. ఆయన లేచేలోపే దింపేద్దామనుకున్నాడు రఘు, ఆ సంగతి తర్వాత తెలిసింది. ముగ్గురు పిల్లలూ స్విమ్‌సూట్లలో వణుకుతూ, నవ్వుతూ బయటికొచ్చారు.

“కాళ్లు కడుక్కుని దిగండి,” అన్నాను నేను.

తోట పైపుతో ముగ్గురూ కాళ్లు తడుపుకున్నారు. గచ్చంతా నీళ్లు.

నైనిక ముందు వెళ్లింది. మెట్టు ఎక్కింది. రెయిలింగ్ పట్టుకుంది... ఆగింది.

“అమ్మా,” అంది. అరవలేదు. మామూలుగానే అంది. “ఎవరో పట్టుకున్నారు.”

అదితి పకపకా నవ్వింది. ఇషా నవ్వింది. నేను కూడా నవ్వాను.

“అమ్మా... వదలట్లేదు...”

మోచెయ్యి అదురుతోంది. నోరు తెరుచుకుని ఉంది, అందులోంచి మాట రావడం లేదు. కళ్లు మా వైపే ఉన్నాయి. టబ్బులో పచ్చ లైటు — వెలుగుతూనే ఉంది.

వంటింటి తలుపు దభీమని తెరుచుకుంది. “ఎర్త్... ఎర్త్...” అని భీమశంకరంగారి గొంతు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అదితీ ఇషా నేల వైపు చూశారు. ఎర్త్ అంటే వాళ్లకి నేలే మరి. ఏముందా అని చూస్తున్నారు.

రష్మి కూతురి మీదికి పరిగెత్తింది. ఆయన భుజంతో ఒక్క తోపు తోశారు. రష్మి గడ్డిలో పడింది. ఆయన భుజం మీది పొడి తువ్వాలు తీసి, పిల్ల మణికట్టు చుట్టూ వేసి, రెండు కొసలూ పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. ఆయన ఒక చెప్పు ఊడి టబ్బులో పడి తేలింది.

రఘు ఎక్కడ? మెయిన్ ఆపడానికి గరాజ్‌లోకి పరిగెత్తాడు. తన చేత్తో తెరిచి, తన చేత్తో మార్చిన పెట్టె అతనికి ఆరడుగుల దూరంలో గోడ మీద ఉంది. అది గుర్తు రాలేదు.

నైనిక గడ్డిలో కదలకుండా పడుంది. ఒకటి... రెండు... నేను లెక్కపెట్టాను, ఎందుకో తెలియదు. పదకొండు దగ్గర గట్టిగా ఊపిరి పీల్చి ఏడుపు మొదలుపెట్టింది. అంత మంచి ఏడుపు నేను నా పిల్లలు పుట్టినప్పుడు కూడా వినలేదు.

అంబులెన్స్ వచ్చింది. రాత్రంతా హాస్పిటల్లో గుండెని చూస్తూ ఉంచుకున్నారు. ఏం ఫరవాలేదన్నారు. అరచేతిలో అడ్డంగా తెల్లటి కాలిన గీత, అంతే.

అంతేనా? ఇప్పుడు నాకెందుకు కోపమో వినండి.

ఆదివారం మధ్యాహ్నం పిల్లని ఇంటికి తెచ్చారు. పలకరిద్దామని వెళ్లాను. రఘు హాల్లో ఫోన్ మాట్లాడుతున్నాడు. దెయ్యం లేదు గియ్యం లేదన్న రఘు. “ఇంట్ల ఏదో ఉన్నదండీ పంతులుగారూ,” అంటున్నాడు. “ముందున్నావిడ అందుల్నే పోయిందట. రేపు వచ్చి శాంతి చేయిస్తే...”

నా చెవులు వేడెక్కాయి. అక్కడే ఉంటే ఏమనేస్తానో అని వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్లాను.

గోడ దగ్గర భీమశంకరంగారు. ఇల్లు మొత్తం కరెంటు ఆపించి, పెట్టె తెరిచి, టార్చ్ లైటు వేసి చూస్తున్నారు. టబ్బు పక్క పలక విప్పేసి ఉంది. లోపల హీటరు కాయిల్ పగిలి పచ్చగా చిలుము పట్టింది. పక్కనే ఒక తీగ ముక్క, ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది.

“ఇదమ్మా ఎర్త్ వైరు,” అన్నారు. “తెగిపోయి ఎన్నేళ్లైందో. హీటర్‌లోంచి కారే కరెంటుకి భూమిలోకి దారి లేదు. తడికాళ్లతో ఎవరు ముట్టుకుంటే వాళ్లే దారి.”

రఘు వెనకే వచ్చి నిలబడ్డాడు.

“అల్లుడు గారూ, ఈ పెట్టెలో ముందు ఏముండేది?”

రఘు గరాజ్‌లోకి వెళ్లి తెచ్చాడు. అరచెయ్యంత బ్రేకరు, చుట్టలు తిరిగిన తెల్లవైరు, మీద చిన్న బొత్తం. పెద్దాయన దాన్ని టార్చ్ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు. నిదానంగా, పేరుపేరునా చెప్పారు. మనిషి ఒంట్లోంచి కరెంటు పారిందా, రెప్పపాటులో తెంపేస్తుంది ఇది. జగన్మోహన్ కాలు పెట్టినప్పుడు తెంపింది. రఘు మూడు వారాలు కాలు పెట్టినప్పుడల్లా తెంపింది. దీని బదులు రఘు కొని పెట్టిన మామూలు బ్రేకరుకి ఆ తెలివి లేదు.

“టక్ మన్నది ఇదేనమ్మా,” అన్నారు నాతో. “లైటు ఆర్పింది ఇదే. ఇన్నాళ్లూ మీ అందర్నీ బతికించింది ఇదే.”

పెట్టె దగ్గరికి జరిగాను. అప్పుడు కనిపించింది — పెట్టె తలుపు లోపలివైపు, తెల్లటి టేపు అంటించి, దాని మీద నల్లసిరాతో చేత్తో రాసిన రెండు వరసలు. పాతబడి వెలిసింది గానీ చదవొచ్చు.

“ఏం రాశారమ్మా?” అని అడిగారాయన.

ఇంగ్లిష్‌లో ఉన్నది ఆయనకి తెలుగులో చెప్పాను. ఈసారి జాగ్రత్తగా చెప్పాను. ‘ఈ బ్రేకర్ తీయకండి. ఇది లేకే మా అమ్మ పోయింది.’ కింద డోనా కొడుకు పేరు, తేదీ.

చెట్ల మీంచి నీటిబొట్లు పడుతున్నాయి.

“రఘూ,” అన్నాను. “ఇది నువ్వు చూశావా?”

“...చూసిన అక్కా.”

“చదివావా?”

“చదివిన.”

“చదివీ తీశావా?”

నా మొహం చూడలేక ఆ టేపు వైపే చూస్తూ చెప్పాడు. “మేం రాసే కోడ్‌ల కూడ గిట్లనే ఉంటయి అక్కా... ఎవరో ఎన్నడో రాసిపెట్టి పోతరు, దీన్ని ముట్టకుండ్రి అని. పాత కామెంట్లు. ఎవరూ పట్టించుకోరు... గట్లనే అనుకున్న.”

కొట్టాలనిపించింది. నా వయసుకి, నా పెద్దరికానికి, చెయ్యెత్తాలనిపించింది. ఆ వెంటనే నా ఫోన్‌కాల్ గుర్తొచ్చి చెయ్యి కిందికి దిగిపోయింది.

వెనక తలుపు దగ్గర రష్మి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. మొత్తం విన్నదని మాత్రం ఆమె మొహం చూస్తేనే తెలిసింది. రఘు చేతిలోంచి ఫోన్ తీసుకుని, పంతులుగారి నంబరు నొక్కింది.

“రేపు రావద్దండీ,” అంది. “ఇంట్లో ఏమీ లేదు.”

అటునుంచి ఆయన ఏదో అడిగాడు. రష్మి మొగుడి కళ్లలోకి చూస్తూ జవాబు చెప్పింది.

“ఉండేదండీ. కాపాడేది. మా ఆయన తీసేశారు.”